చీరకొంగు దోపి... మైదానంలోకి!

తెల్లవారుజామున ఏ చిన్న ఊళ్ళోనైనా హైస్కూలు మైదానం వైపు వెళ్ళి చూడండి. మసక వెలుతురులో జుట్టు బిగించి కట్టుకుని, ఒకరు సెల్‌ఫోన్‌లో టైము చూస్తుంటే, నలుగురైదుగురు ఆడపిల్లలు చుట్లు తిరుగుతూ కనిపిస్తారు. పోలీసు కానిస్టేబుల్ సెలక్షన్ల కోసం పరిగెత్తేవాళ్ళు వాళ్ళు. మన రాష్ట్రంలో 2022లో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మహిళా అభ్యర్థులు 1600 మీటర్ల దూరాన్ని 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేయాలి. అది తప్పనిసరి. దానితోపాటు 100 మీటర్లను 18 సెకన్లలో పరిగెత్తడమో, 2.75 మీటర్ల లాంగ్‌జంప్ చేయడమో, రెంటిలో ఒకటి నెగ్గాలి.

ఈ పిల్లల్ని చూసి ఇప్పుడెవరూ నవ్వడం లేదు. ఉద్యోగం కోసం కదా! కొలువు వస్తుందంటే ఆడపిల్ల పరుగు కూడా మర్యాదైన పనే అయిపోయింది. అదే వాళ్ళ అమ్మో, పెద్దక్కో కొంగు దోపుకుని రెండు చుట్లు పరిగెత్తిందనుకోండి... "ఏంమ్మా, ఏమైంది? ఇంత బిరీన యాడికి పోతాండావు?" అని దారిలో పదిమంది ఆపి అడుగుతారు. ఆమె ఎక్కడికీ పోవడం లేదు. ఊరికే పరిగెడుతోంది. ఆ మాట చెప్పడానికే మనకి ధైర్యం చాలదు.

ఒక్కరైతే చాలదు. పదిమంది కలిస్తే? అప్పుడు అడిగేవాళ్ళే తగ్గుతారు. పట్నాల్లో ఇలాంటి పరుగు బృందాలు కొత్తేమీ కాదు. హైదరాబాద్ రన్నర్స్ సొసైటీ 2007లో మొదలైంది. నలుగురు కలిసి పరిగెత్తే సరదాగా మొదలై, ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌ని నడిపే స్థాయికి వచ్చింది. ఎప్పుడూ పరిగెత్తని వాళ్ళని అయిదు కిలోమీటర్ల దాకా తీసుకెళ్ళే శిక్షణ కూడా వాళ్ళు ఇస్తుంటారు. కానీ నెక్లెస్ రోడ్డూ, కేబీఆర్ పార్కూ ఉన్న ఊరి సంగతి వేరు. కర్నూలుకి ముప్ఫై కిలోమీటర్ల దూరంలో, కేజీ రోడ్డు మీద లారీల మోతల మధ్య ఉన్న నందికొట్కూరు లాంటి ఊళ్ళో అదే పని చేయాలంటే ఎలా? అదీ వయసులో ఉన్నవాళ్ళకీ, ఒళ్ళు తేలిగ్గా ఉన్నవాళ్ళకీ మాత్రమే కాకుండా, రానన్న వాళ్ళు కూడా రాగలిగేలా?

రూపాయితో మొదలైన సంఘంలా...

కర్నూలు సీమ ఆడవాళ్ళకి బృందం కట్టడం ఒకరు నేర్పాల్సిన పని కాదు. 1990ల్లో పక్కనే ఉన్న ఓర్వకల్లు మండలంలో పొదుపు మహిళలు రోజుకో రూపాయి పక్కన పెట్టడంతో మొదలుపెట్టి, మండల సమాఖ్యగా ఎదిగి, దేశం నలుమూలల నుంచీ జనం చూడ్డానికి వచ్చే స్థితికి చేరారు. ఆ రూపాయి కథలోనే మనకి కావలసిన సూత్రమంతా ఉంది. ఒకేసారి వంద అడిగి ఉంటే ఆ సంఘం పుట్టేది కాదు. అందరూ ఇవ్వగలిగింది అడిగారు. ప్రతివారం ఒకే రోజున, ఒకే చోట కూర్చున్నారు. రాని మనిషి ఇంటికి వెళ్ళి, ఎందుకు రాలేదో కనుక్కున్నారు.

పరుగుకీ అంతే. మొదటిరోజే అయిదు కిలోమీటర్లు అంటే రెండోరోజు మైదానంలో మీరూ, కుక్కలూ మిగులుతారు. "ఒక్క నిమిషం పరిగెత్తగలవా?" అని అడిగితే కాదనే మనిషి అరుదు.

ఈ ఒక్క నిమిషం నేను కల్పించింది కాదు. 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికా యువకుడు, యాభై దాటిన తన తల్లిని సోఫా మీదనుంచి లేపడానికి తొమ్మిది వారాల పద్ధతి ఒకటి తయారుచేశాడు. వారానికి మూడు రోజులు, రోజుకి అరగంట. మొదటి వారంలో అయిదు నిమిషాలు చురుగ్గా నడిచాక, 60 సెకన్లు మెల్లగా పరుగు, 90 సెకన్లు నడక. ఇలా మార్చి మార్చి ఇరవై నిమిషాలు. వారం వారం పరుగు కాస్త పెరుగుతుంది, నడక కాస్త తగ్గుతుంది. చివరికి అరగంట ఆగకుండా పరిగెత్తే స్థితికి వస్తారు. ప్రపంచంలో లక్షలాది మంది ఇలాగే పరుగు నేర్చుకున్నారు.

మన ఊళ్ళో దాన్ని యథాతథంగా తీసుకోనక్కర్లేదు. పెళ్ళిళ్ళూ, పండగలూ, పిల్లల పరీక్షలూ, మిరపకోతలూ ఉన్న ఊళ్ళో తొమ్మిది వారాలు వరసగా ఎవరికీ కుదరవు. ప్రతి వారాన్నీ రెండుసార్లు చేయండి. తొమ్మిది పద్దెనిమిది అవుతాయి. అవనివ్వండి, వెనకనుంచి ఎవరూ తరమడం లేదు కదా!

పరుగు వేగం ఎంత ఉండాలి? పక్కనున్న మనిషితో మాట్లాడగలిగినంత. పరిగెడుతూ ఒక పూర్తి వాక్యం చెప్పలేకపోతున్నారంటే వేగం ఎక్కువైనట్టు. కబుర్లాడుతూ పరిగెత్తమంటే మన ఆడవాళ్ళకి అభ్యంతరం ఉండదనుకుంటా!

దూరం కాదు, టైము లెక్క

బృందాలు విడిపోయేది ఇక్కడే. ఇద్దరు ముందు వెళ్ళిపోతారు, ఆరుగురు మధ్యలో ఉంటారు, ఇద్దరు రొప్పుతూ వెనకపడతారు. ఆ ఇద్దరూ మర్నాడు రారు. "మావల్ల మీకు ఆలస్యం" అంటారు, ఎంతో మర్యాదగా. అసలు కారణం సిగ్గు.

దీనికి మైదానమే మందు. రోడ్డు మీద పరిగెడితే వెనకపడిన మనిషి నిజంగానే ఒంటరైపోతుంది. అదీ చీకట్లో, లారీల మధ్య. కాలువగట్లు చూడ్డానికి బాగుంటాయి గానీ వెలుతురు రాకముందు అటు వెళ్ళొద్దు, పాములుంటాయి. మైదానంలో గుండ్రంగా తిరిగేటప్పుడు ఎవరు ముందో, ఎవరు వెనకో రెండు చుట్లయ్యాక ఎవరికీ తెలియదు. పైగా దూరం లెక్క మానేసి టైము లెక్క పెట్టుకోండి. విజిల్ ఒకసారి వేస్తే పరుగు, రెండుసార్లు వేస్తే నడక. ఇరవై నిమిషాలయ్యాక అందరూ ఒకేసారి ఆగుతారు. ఒకామె పది చుట్లు వేసి ఉండొచ్చు, ఇంకొకామె నాలుగు. ఇద్దరూ ఇరవై నిమిషాలే కష్టపడ్డారు. సిమెంటు రోడ్డుకన్నా మట్టినేల మోకాళ్ళకి మెత్తన కూడా. కాకపోతే గుంతలు చూసుకోవాలి.

ఇంకో ఉపాయం లండన్ నుంచి వచ్చింది. 2004 అక్టోబర్ 2న అక్కడి బుషీ పార్కులో 13 మంది కలిసి అయిదు కిలోమీటర్లు పరిగెత్తారు. ప్రతి శనివారం పొద్దున్నే, పైసా ఫీజు లేకుండా జరిగే ఆ 'పార్క్‌రన్' ఇప్పుడు ఇరవైకి పైగా దేశాల్లో ఉంది. అందులో అందరికన్నా వెనక నడవడానికే ఒక స్వచ్ఛంద కార్యకర్తను పెడతారు. ఆమె పనల్లా చివరి మనిషి వెనకాలే ఉండటం. కాబట్టి పరిగెత్తడానికి వచ్చిన వాళ్ళలో ఎవరూ ఎప్పటికీ 'ఆఖరు' కాలేరు! మన బృందంలోనూ ఈ పని వంతులవారీగా పెట్టుకోవచ్చు. అందరికన్నా వేగంగా పరిగెత్తే ఆవిడకే ముందు ఇవ్వండి. వెనకనుంచి చూస్తే మైదానం ఎలా ఉంటుందో ఆవిడకీ తెలుస్తుంది.

ఒక నియమం మాత్రం మొదటిరోజే గట్టిగా చెప్పాలి. ఒంటి గురించి వ్యాఖ్యలు వద్దు. "కాస్త తగ్గావే" అన్న మెచ్చుకోలు కూడా వద్దు. ఈరోజు తగ్గావని మెచ్చుకుంటే, రేపు తగ్గని మనిషి తలవంచుకుంటుంది. తూకం మిషన్ మైదానంలోకి రానివ్వకండి.

పొద్దున్న ఎన్ని గంటలకి?

పట్నం పుస్తకాల్లో ఈ ప్రశ్నకి చోటుండదు. మన దగ్గర బృందం నిలవాలా, కూలాలా అన్నది దీనిమీదే ఉంది. కుళాయి ఎప్పుడొస్తుంది? పాలవాడు ఎప్పుడు? స్కూలు ఆటో ఎన్నింటికి? కర్నూలు బస్సెక్కి ఉద్యోగానికి వెళ్ళే టీచరమ్మలు ఏడున్నరకి ఇంట్లోంచి బయటపడాలి. జనవరిలో ఇక్కడ పొద్దుపొడిచేసరికి ఆరు నలభై అయిదు దాటుతుంది. మే నెలలో అయిదు నలభై అయిదుకే పొడుస్తుంది, ఎనిమిదికల్లా మాడ్చేస్తుంది. కాబట్టి ఏడాదంతా ఒకే టైము కుదరదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటే రోజుల్లో అయిదింటికే మొదలుపెట్టి ఆరింటికల్లా ముగించేయాలి. ఆ రోజుల్లో పరుగు సగానికి సగం తగ్గించినా తప్పులేదు. ఒంట్లో వేడి పెరిగి, తల తిరిగి, చెమట పట్టడం ఆగిపోతే అది పంతానికి పోవలసిన సమయం కాదు. వెంటనే నీడకి చేర్చి, ఒళ్ళు తడిపి, ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

వారానికి మూడు రోజులు చాలు. ఆ మూడింట్లో ఒకటి ఆదివారం సాయంత్రం పెట్టండి. పొద్దున్న ఎంత ప్రయత్నించినా గడప దాటలేని వాళ్ళు ఉంటారు. అత్తగారికి మంచంలోనే అన్నీ చేయాల్సినవాళ్ళు, పసిబిడ్డల తల్లులు, తెల్లారకముందే ఇడ్లీబండి పెట్టుకునేవాళ్ళు. సాయంత్రం ఒక్కపూట ఉంటే వాళ్ళూ బృందంలో ఉన్నట్టే. పసిపిల్లల్ని వెంట తెచ్చుకోమనండి. ఒకామె ఆ పూట పరుగు మానేసి చాప మీద పిల్లల్ని చూసుకుంటుంది, వచ్చేవారం ఇంకొకామె వంతు.

పాలు కాచడం, పిల్లల్ని లేపడం వారానికి మూడు రోజులు ఇంట్లో ఇంకెవరైనా చేయాలి. ఎవరో మీకు తెలుసు. ఆ సంభాషణ మాత్రం మీరే జరుపుకోవాలి, బృందం చేసిపెట్టలేదు!

అందరూ అంటే ఎవరెవరు?

బోర్డు మీద 'అందరికీ ఆహ్వానం' అని రాయడం తేలిక. ఆఫీసర్ల భార్యలూ, టీచర్లూ, బ్యాంకు ఉద్యోగినులూ పదిమంది చేరారనుకోండి. అది చక్కని క్లబ్బే. కానీ ఊరి బృందం కాదు. ఎస్సీ కాలనీ నుంచి ఎవరైనా వచ్చారా? బురఖా వేసుకునే అక్కచెల్లెళ్ళు వచ్చారా? వచ్చిన వాళ్ళు తాగే నీళ్ళ బిందె ఒకటేనా, రెండా? ఈ చివరి ప్రశ్న అడగడం కొందరికి నచ్చదు. అడగకపోతే మాత్రం జవాబు దానంతట అదే తయారైపోతుంది.

అందుకే కబురు పంపేటప్పుడే జాగ్రత్తపడాలి. వాట్సాప్‌లో పెడితే ఫోనున్న వాళ్ళకే చేరుతుంది, అదీ మనకి ముందే తెలిసినవాళ్ళకి. పొదుపు సంఘాల మీటింగుల్లో చెప్పండి. ఆశా కార్యకర్తలకి ప్రతి వీధీ తెలుసు, వాళ్ళని అడగండి. పటేల్ సెంటర్‌లో పూలమ్మే ఆవిడకి చెబితే మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలుస్తుంది. ప్రతి వార్డు నుంచీ కనీసం ఒక్కరైనా వచ్చేదాకా బృందానికి పేరు పెట్టకండి. పేరు కూడా అందరూ కలిసి పెట్టుకోవాల్సిందే.

పొద్దస్తమానం మిరపచేలో కలుపు తీసే ఆవిడకి పరుగెందుకు, ఆమె ఒంటికి కావలసిన శ్రమ ఎప్పుడో అయిపోయింది కదా అనే వాళ్ళుంటారు. నిజమే. ఆమెకి కావలసింది విశ్రాంతే కావచ్చు. కానీ వస్తానంటే వద్దనడానికి మనమెవరం? కూలి కోసం కాకుండా, నీళ్ళ కోసం కాకుండా, తనకోసం అడుగువేసే అరగంట ఆమె జీవితంలో ఇంకెక్కడుంది?

ఇక శరీరానికి ఏదో ఒక ఇబ్బంది ఉన్నవాళ్ళు. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి పేరు వినే ఉంటారు. కూలిపని చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ. పుట్టుకతో వచ్చిన మేధోవైకల్యం వల్ల ఊళ్ళో వాళ్ళ వెక్కిరింతలు పడింది. ఆ అమ్మాయి 2024 మేలో జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. ఆమెను చూసి చప్పట్లు కొట్టిన మనం, మన వీధిలో అలాంటి బిడ్డ ఉంటే మైదానానికి తీసుకెళ్ళామా? పతకాలు రానక్కర్లేదు. పదిమందిలో ఒకరుగా చుట్టు తిరిగితే చాలు.

కంటిచూపు లేనివాళ్ళు పరిగెత్తే పద్ధతి చాలా సులువు. ఇద్దరి చేతుల మధ్యా జానెడు తాడు, చివర్లకి ముడులు. పక్కనున్న తోడు మనిషి అదే అడుగుతో పరిగెడుతూ "ఎడమకి మలుపు", "గుంత" అని చెబుతూ ఉండటమే. వినికిడి లేనివాళ్ళకి విజిల్ వినపడదు కాబట్టి విజిల్‌తో పాటు ఎర్రటి తువ్వాలు పైకెత్తండి. పోలియో వచ్చిన కాలుతో నడిచేవాళ్ళు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళు ఉంటే ముందు మైదానం గేటు చూడాలి. పశువులు రాకుండా పెట్టిన కమ్మీలు కుర్చీని కూడా రానివ్వవు. హెడ్మాస్టరుగారిని పర్మిషన్ అడిగేటప్పుడే పెద్దగేటు తాళం సంగతి కూడా అడగాలి.

కేవలం నడుస్తామనేవాళ్ళ మాటేమిటి? వాళ్ళూ బృందమే. 'ఎప్పుడు పరిగెడతావు' అని వాళ్ళని అడగకండి.

ముందు రక్తం సంగతి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే మైదానానికి పదిమంది వస్తే సుమారు ఆరుగురు! రెండు నిమిషాల పరుగుకే గుండె దడదడలాడితే "నాకు చేతకాదు", "వయసైపోయింది" అనుకుని ఇంటికెళ్ళిపోతారు. చేతకాక కాదు. ఊపిరితిత్తులు తీసుకున్న ప్రాణవాయువును కండరాలకి మోసేది హిమోగ్లోబిన్. అది తక్కువైతే గుండె రెట్టింపు పనిచేయాల్సి వస్తుంది. ఆయాసం అందుకే.

కాబట్టి బృందం చేయాల్సిన మొదటి పని పరుగు కాదు, ప్రభుత్వాసుపత్రికో, పట్టణ ఆరోగ్య కేంద్రానికో అందరూ కలిసి వెళ్ళి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవడం. గర్భవతులు కాని స్త్రీలకి 12 గ్రాములు ఉండాలి. 8కి తక్కువుంటే తీవ్రమైన రక్తహీనత. వాళ్ళకి పరుగు వద్దు, ముందు వైద్యం. మధ్యలో ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పినట్టు ఐరన్ మాత్రలు వాడుతూ నడకతో మొదలుపెట్టొచ్చు. మాత్ర వేసుకున్నాక వెంటనే టీ, కాఫీ తాగితే ఐరన్ సరిగా ఒంటికి పట్టదు. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. బెల్లం తింటే రక్తం పడుతుందన్న నమ్మకం ఉంది గానీ, బెల్లం ఒక్కటే ఈ లోటు పూడ్చలేదు.

ఇంకో సంగతి కూడా మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. గర్భసంచి తీసేసే ఆపరేషన్లు దేశంలో బాగా ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనదొకటి. ముప్ఫై అయిదు, నలభై ఏళ్ళకే ఆ ఆపరేషన్ అయినవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. అండాశయాలు కూడా తీసేసి ఉంటే ఎముకలు త్వరగా బలహీనపడతాయి. అలాంటివాళ్ళకి ఒంటి బరువు కాళ్ళ మీద పడే నడక, మెల్లని పరుగు మేలే చేస్తాయి. అయితే కోత పూర్తిగా మానాక, డాక్టరు సరేనన్నాకే. కాన్పు తర్వాత కూడా కనీసం మూడు నెలలు ఆగి పరుగు మొదలుపెట్టమంటారు నిపుణులు.

పరిగెత్తేటప్పుడు, దగ్గినప్పుడు మూత్రం చుక్కలు పడటం చాలామందికి ఉంటుంది. ఎవరూ చెప్పరు. 'కాళ్ళు నొప్పి' అని సాకు చెప్పి మానేస్తారు. ఇది కాన్పుల వల్ల కటి కండరాలు సడలితే వచ్చేది. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలని కొన్ని సెకన్లు బిగించి వదలడం, రోజూ మూడు పూటలా, పూటకి పదిసార్లు చొప్పున కొన్ని నెలలు చేస్తే చాలామందికి తగ్గుతుంది. కింద బరువుగా, ఏదో జారుతున్నట్టు అనిపిస్తే మాత్రం లేడీ డాక్టరుకి చూపించుకోవాలి. అప్పటిదాకా నడకే.

బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్ళు డాక్టరుని అడిగి రావాలి. షుగరుకి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు పరగడుపున పరిగెత్తకూడదు. చేతిసంచీలో చక్కెరో, బిస్కెట్లో ఉంచుకోవాలి, అరికాళ్ళు రోజూ చూసుకోవాలి. ఛాతీలో బిగపట్టినట్టు ఉన్నా, కళ్ళు తిరిగినా ఆగిపోవాలి. ఈ మాట బృందంలో ప్రతి ఒక్కరికీ తెలిసుండాలి.

ఇదంతా చదివి భయపడకండి. కదలకుండా కూర్చోవడమే ఇంతకన్నా ప్రమాదం. 2024లో 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్' పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో దాదాపు సగంమంది చాలినంత శారీరక శ్రమ చేయడం లేదు. మగవాళ్ళలో ఇది 42 శాతం, ఆడవాళ్ళలో 57 శాతం. 'ఇంటిపని చాలదా?' అంటారు. ఇంటిపనిలో అలసట ఎక్కువ, గుండెకి వ్యాయామం తక్కువ. వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడకో, 75 నిమిషాలు పరుగులాంటి గట్టి శ్రమో ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

చీరా? చుడీదారా?

మీకేది వీలైతే అది. సినీనటుడు మిలింద్ సోమన్ తల్లి ఉషా సోమన్ డెబ్బై అయిదేళ్ళు దాటాక, 2016లో చీరకట్టుతో, చెప్పుల్లేకుండా కొడుకు పక్కన పరిగెత్తిన వీడియో దేశమంతా చూసింది. ఆడవాళ్ళకి మాత్రమే పరుగులు పెట్టే 'పింకథాన్' 2012లో మొదలుపెట్టినవాళ్ళలో ఆ మిలింద్ ఒకరు. వాటిలో చీరలు కట్టుకున్నవాళ్ళూ, బిడ్డల్ని ఎత్తుకున్న తల్లులూ, చూపులేని అమ్మాయిలూ పాల్గొన్నారు. మహారాష్ట్రలో బారామతికి చెందిన లతా భగవాన్ కరే కథ ఇంకా కదిలిస్తుంది. అరవై దాటిన పేదరాలు. భర్త వైద్యపరీక్షలకి డబ్బుల్లేక, బహుమతి సొమ్ము కోసం తొమ్మిది గజాల చీరలో వట్టికాళ్ళతో పరిగెత్తి గెలిచింది. ఆమె కథతో 2020లో వచ్చిన మరాఠీ సినిమాలో ఆమె పాత్ర ఆమే వేసింది. తీసింది మన తెలుగువాడు, నవీన్ దేశబోయిన.

అయితే ఆ వట్టికాళ్ళు చూసి మనం మురిసిపోవడం నాకంత నచ్చదు. చెప్పులు కొనుక్కోలేని అవసరం అది. మనకి వీలుంటే మడమ దగ్గర మెత్తగా ఉండే బూట్లు కొనుక్కోవాలి. రబ్బరు చెప్పులతో మాత్రం పరిగెత్తొద్దు, కాలు మడతపడుతుంది. చీర అయితే మోకాళ్ళ కిందకి ఎత్తి కట్టి, కొంగు నడుముకి దోపుకోవాలి. చున్నీ రెండువైపులా ముడేయాలి. బిగువైన స్పోర్ట్స్ బ్రా బూట్లకన్నా ముఖ్యం. కర్నూలు షాపుల్లో దొరుకుతుంది, అడగడానికి సిగ్గుపడితే నలుగురూ కలిసి వెళ్ళండి.

ఆడవాళ్ళ పరుగు గురించి మన ఊళ్ళోనే ఇన్ని మాటలు అనుకోకండి. 1928 ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు 800 మీటర్లు పరిగెత్తి అలిసిపోయారని గోలచేసి, 1960 దాకా ఆ పందెమే ఎత్తేశారు పెద్దమనుషులు. 1967లో బోస్టన్ మారథాన్‌లో క్యాథ్రిన్ స్విట్జర్ పేరు పొడి అక్షరాలతో ఇచ్చి పాల్గొంటే, నిర్వాహకుల్లో ఒకాయన మధ్యదారిలో మీదపడి ఆమె నంబరు లాగేయబోయాడు. ఆమె ఆగలేదు. పరిగెత్తితే గర్భసంచి జారిపోతుందని అమెరికాలోనూ అనేవాళ్ళట! ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి మారథాన్ పెట్టింది 1984లో. మన పి.టి.ఉష సెకనులో నూరోవంతు తేడాతో కంచు పతకం పోగొట్టుకున్నదీ ఆ ఒలింపిక్స్‌లోనే.

మొదటి నెల ఖర్చెంత?

ఒక విజిల్, తువ్వాలు, ప్రథమచికిత్స డబ్బా, నీళ్ళ క్యాను. ఫీజు పెట్టకండి. టీషర్టులు అసలే వద్దు. టీషర్టు అనగానే డబ్బు, డబ్బు అనగానే స్పాన్సరు, స్పాన్సరు అనగానే ఫోటో, ఫోటోలో ముందువరస ఎవరిది అన్న పేచీ. ఆ తర్వాత పరుగు ఎవరికీ గుర్తుండదు. పరుగయ్యాక ఉప్పేసిన మజ్జిగ, గుప్పెడు నానబెట్టిన బుడ్డలు వంతులవారీగా తెచ్చుకుంటే సరిపోతుంది. ఆదివారం మాత్రం ఉగ్గాని బజ్జీకి అడ్డుచెప్పలేం.

ఇంటినుంచి మైదానం దాకా ఒంటరిగా ఎవరూ రాకుండా వీధికి ఇద్దరిద్దరు జతకట్టాలి. పోకిరీలు తగులుకుంటే 112కి గానీ, మహిళా హెల్ప్‌లైన్ 181కి గానీ ఫోను చేయొచ్చు. కుక్కలకి భయపడి పరిగెత్తకూడదు, నిలబడిపోవాలి. మగవాళ్ళని చేర్చుకోవాలా? మొదటి మూడు నెలలు వద్దనే నా సలహా. పాతికమంది నిలదొక్కుకున్నాక వాళ్ళే తేల్చుకుంటారు.

మొదటిరోజు ముగ్గురే రావచ్చు. వర్షం వచ్చిన రోజు ఒక్కరే రావచ్చు. ఆ ఒక్కరూ వెళ్ళాలి, విజిల్ వేయాలి. మూడువారాలు రాని మనిషి ఇంటికి మజ్జిగ చెంబుతో వెళ్ళాలి, "ఎందుకు రాలేదు" అనకుండా "ఎట్లున్నావు" అని అడగాలి.

ఇక ఆ కానిస్టేబుల్ పిల్లలు. మైదానం ముందునుంచీ వాళ్ళది. సన్నాహం ఎలా చేయాలో, పిక్క పట్టేస్తే ఏం చేయాలో వాళ్ళకి తెలుసు. వారానికి ఒకరోజు మీకు నేర్పమని అడగండి. వాళ్ళు 1600 మీటర్ల టైము చూసుకునే రోజున మీరు లోపలి గీత ఖాళీచేసి, బయటి అంచున నడవండి. పది నిమిషాల ముప్ఫై సెకన్లు చేతిగడియారంలో చూసి, చివరి చుట్టులో పేరుపెట్టి గట్టిగా అరవడానికి పాతికమంది పిన్నమ్మలు ఉంటే ఆ పిల్లలకీ బాగుంటుంది.